గ్రేస్ పీరియడ్ 90 సెకన్లు కోసేద్దామా, వద్దా?

బ్రాడీపేట_అడ్మిన్:
గుంటూర్లో మిర్చి కోల్డ్ స్టోరేజ్‌కి రెండు లినక్స్ సర్వర్ల మీద ఎన్‌ఎఫ్‌ఎస్ (సర్వర్లోని ఫైళ్లని అన్ని సిస్టమ్స్‌కీ పంచేది) నడుపుతున్నా, ఒకటి పడితే రెండోది అందుకుంటది. మొన్న మొదటిదాని యూపీఎస్ చచ్చింది, రెండోది పది సెకన్లలో లేచింది, కానీ కాటా దగ్గర ఎంట్రీ నిమిషంన్నర కదల్లా, బయట టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు హారన్లు, లోపల గుమస్తా నా మొహం చూస్తా కూర్చున్నాడు. సర్వర్ లేచాక ఆగే ఆ 90 సెకన్ల గ్రేస్ టైమ్ 10కి దించేస్తే పోద్దిగా?

లబ్బీపేట_బాబాయ్:
దించమాకండి. సర్వర్ పడితే ఏ లాకు (ఒకరు ఫైల్లో రాస్తుంటే ఇంకోళ్లు రాయకుండా వేసేది) ఎవరిదో దాని మెమరీతోపాటే పోద్ది. ఆ 90 సెకన్లు కొత్త లాకు ఎవరికీ ఇవ్వకుండా, పాతోళ్లు వచ్చి "నాది నాకియ్యి" అని అడగడానికి. లీజు (ఆలోపు రెన్యువల్ చేసుకోవాల్సిన గడువు) కూడా 90, కాబట్టి ఊరికే కూర్చున్న క్లయింట్‌కి (సర్వర్ వాడుకునే సిస్టమ్‌కి) రెన్యువల్‌కి వచ్చేదాకా సర్వర్ మారిన సంగతే తెలీదు. మీరు పదికే తలుపు తీస్తే కాటా-1 లాకు కాటా-2 ఎగరేసుకుపోద్ది, ఇద్దరూ ఒకే చీటీ నంబర్ కొడతారు, టిక్కీలు ఎవరివో తేలేలోపు రైతు మీ కాలర్ పట్టుకుంటాడు.

బ్రాడీపేట_అడ్మిన్:
బాబాయ్, ఉన్నదే 12 సిస్టమ్స్, అన్నీ ఒకే షెడ్డులో. దానికి నిమిషంన్నరా? ఓనర్‌కి చెప్పి చూడండి.

పట్నంబజార్:
ఓనర్ బాధా నిజమే, నేను బాబాయ్‌తో పూర్తిగా ఏకీభవించను. లీజు, గ్రేస్ రెండూ కలిపి 20కి దించండి, గ్రేస్ ఒక్కటే దించితేనే ప్రమాదం. కాకపోతే అప్పుడు స్విచ్ కేబుల్ అర నిమిషం ఊడినా, ఆ గ్యాప్‌లో ఇంకోడు అడిగితే లాకు పోయినట్టే.

లబ్బీపేట_బాబాయ్:
అదే చెప్తున్నా, మన స్విచ్‌ల సంగతి తెలిసీ 20 అంటారేంటండీ. ముందు మౌంట్ వెర్షన్ (ఒక్కో సిస్టమ్ ఏ ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్‌తో సర్వర్‌కి కలిసిందో) చూడండి. 4.1 నుంచి క్లయింట్ తన లాకులు తీసేసుకున్నాక అయిపోయిందని చెప్తది, అందరూ చెప్పేస్తే సర్వర్ 90 దాకా ఆగక్కర్లా. 4.0 వాడు ఒక్కడున్నా వాడు చెప్పడు, మిగతావాళ్లంతా వాడి కోసం కూర్చోవాల్సిందే.

బ్రాడీపేట_అడ్మిన్:
చూశా. పదకొండు 4.2. కాటా-2 ఒక్కటి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (మౌంట్ సెట్టింగులుండే ఫైల్లో) 4.0 అని ఉంది, ఎవడు రాశాడా అని చూస్తే నేనే.

పట్నంబజార్:
హహ. సరే, ఇంకోటి, పడిపోయిన సర్వర్ మళ్లీ లేచి అదే డిస్క్ మీద రాయకుండా ఫెన్సింగ్ ఉందిగా?

బ్రాడీపేట_అడ్మిన్:
ఎర్రర్లొస్తున్నాయని ఆఫ్ చేశా.

లబ్బీపేట_బాబాయ్:
ఓరి నాయనో. 90 సంగతి తర్వాత, ముందు అది ఆన్ చెయ్యి.