అప్‌డేట్: ఈరీ సరస్సులో మునిగిన ఆర్గో బార్జి

అమెరికాలోని ఈరీ సరస్సులో మునిగిన ఆర్గో బార్జిలో (సరుకు మోసే పడవలో) చమురు ఇంకా ఉందా అని అడిగింది నేనే. వివరాలు దొరికాయి.

ఇది 1911 నాటిది. టగ్ అనే లాగుడు పడవ లాక్కెళ్తేనే కదిలేది. 1937 అక్టోబర్ 20న తుఫానులో మునిగినప్పుడు అందులో 4,762 పీపాల సరుకుంది. అంతా ముడిచమురే అనుకున్నా, బెంజాల్ (ఎక్కువగా బెంజీన్ ఉండే విషపూరిత ద్రావకం) కూడా ఉందట! 2015 ఆగస్టులో ఒహాయోలోని కెల్లీస్ ఐలండ్ దగ్గర దొరికింది. అక్టోబర్‌లో అక్కడికెళ్లిన డైవర్లకు నీళ్ల మీదే ఘాటు వాసన కొట్టింది, నీటి రంగు కూడా మారి ఉంది. చూస్తే రేకుల్ని బిగించే రివెట్ మేకు చిన్న కన్నంలోంచి సరుకు కారుతోంది. డెబ్బై ఎనిమిదేళ్ల తర్వాత! ఆ ఏడాది చివరికల్లా 30 వేల గ్యాలన్లకు పైగా బెంజాల్, నీళ్ల మిశ్రమాన్ని పంపులతో తోడేశారు.

ఇక నా టెన్షన్ తీరింది.