మలేషియా రాజుగారిది ఉత్త రబ్బరు స్టాంపేనా?

గోదారిగట్టు:
ఆఫీసు పనిమీద కేఎల్ (కౌలాలంపూర్) వచ్చి నెలైంది. రిసెప్షన్‌లో రాజుగారు, రాణిగారు, పక్కన ప్రధాని ఫోటోలు. రింగిట్ నోటు మీద కూడా రాజే కానీ గోడ మీద మొహానికీ దానికీ పోలికే లేదు. అయిదేళ్లకోసారి రాజు మారతాడంట, ఇదెక్కడి రాజరికం అండీ బాబూ. ఈయనకి నిజంగా పవరుందా, లేక మన రాష్ట్రపతి లాగా సంతకాలకేనా?

ఇపో_మావయ్య:
నోటు మీదాయన 1957 నాటి మొదటి రాజు తువాంకు అబ్దుల్ రహ్మాన్, ఆయన్ని మార్చరు. 9 రాష్ట్రాల రాజవంశాల వాళ్లు వంతులేసుకుని అయిదేళ్లు చేస్తారు, ఇప్పుడు జోహోర్ సుల్తాన్ వంతు. సంతకానికి పెద్ద సీన్ లేదు, బిల్లు వెళ్లాక 30 రోజుల్లో పెట్టకపోయినా చట్టమైపోతుంది. కానీ ఎవరికీ మెజారిటీ లేనప్పుడు చూడాలి. 2020 ఫిబ్రవరిలో ప్రధాని మహతీర్ రాజీనామా చేస్తే అప్పటి రాజు ఎంపీల్ని రెండ్రోజులు ప్యాలెస్‌కి పిలిపించుకుని విడివిడిగా అడిగాడు నువ్వెవరి వైపు అని, చివరికి ముహియిద్దీన్‌ని ప్రధానిగా పెట్టాడు, మెజారిటీ నాదేనని మహతీర్ మొత్తుకున్నా లాభం లేకపోయింది. 2022లో హంగ్ వస్తే అన్వర్, ముహియిద్దీన్ ఇద్దర్నీ కలిసి చెయ్యండన్నాడు, ముహియిద్దీన్ కుదరదన్నాడు, అన్వర్‌కి కుర్చీ దక్కింది.

విజయవాడ_వెటకారం:
అంటే మన గవర్నర్ పనే కదా, కిరీటం ఎక్స్‌ట్రా 😀 1984లో రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని దింపి నాదెండ్లని ఎక్కిస్తే జనం రోడ్డెక్కారు, ఎమ్మెల్యేలు ఢిల్లీ దాకా వెళ్లి రాష్ట్రపతి ముందు నిలబడ్డారు, నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ సీఎం. ఈలోపే గవర్నర్‌ని మార్చేశారు. మరి రాజు తప్పు చేస్తే ఎవరు మారుస్తారు?

ఇపో_మావయ్య:
రూలు ప్రకారం మిగతా రాజులే కూర్చుని తీసెయ్యొచ్చు. కానీ 2009లో మా పేరాక్ రాష్ట్రం సంగతి వినండి, అప్పటికే నేనిక్కడున్నా. ముగ్గురు ఎమ్మెల్యేలు జారిపోతే ముఖ్యమంత్రి నిజార్ అసెంబ్లీ రద్దు చెయ్యండని సుల్తాన్ దగ్గరికెళ్లాడు, ఆయన ఒప్పుకోలేదు, అవతలి పార్టీ వాళ్లకిచ్చేశాడు. నిజార్ కోర్టుకెళ్లాడు, ఏడాది తిరిగాక పైకోర్టు సుల్తాన్ చేసింది కరెక్టే అంది. అసెంబ్లీలో ఓటు పెట్టకుండానే. మనకి బొమ్మై కేసులో మెజారిటీ సంగతి అసెంబ్లీలోనే తేలాలని సుప్రీంకోర్టు చెప్పాక అలా నడవదు కదా.

గోదారిగట్టు:
వామ్మో. మా లంచ్ టేబుల్ దగ్గర ఇవన్నీ అడగొచ్చా?

ఇపో_మావయ్య:
అన్వర్ గురించి ఎంతైనా తిట్టుకోండి. రాజుల మీద జోకులు మాత్రం వద్దమ్మా, పోస్టులు పెట్టి కేసుల్లో ఇరుక్కున్నోళ్లున్నారు.