11 కోర్సుల బరోక్ లూట్‌కి ఏ సూట్‌తో (నృత్య బాణీల వరుసతో) మొదలుపెట్టాలి?

నా లూట్‌కి (పాతకాలపు యూరప్ తీగల వాద్యం) 11 కోర్సులు, అంటే ఒంటిగానో జంటగానో మీటే తీగల వరుసలు. మొదటి రెండూ ఒంటి తీగలు, మిగతా తొమ్మిదీ జంటలు. డి మైనర్ శ్రుతి: పై నుంచి ఎఫ్, డి, ఏ, ఎఫ్, డి, ఏ, ఆ కింద బాస్‌లు జి నుంచి సి వరకు. ఫ్రెంచ్ ట్యాబ్లేచర్ (ఏ తీగను ఎక్కడ నొక్కాలో అక్షరాలతో చూపే రాత) ఇబ్బంది లేకుండా చదవగలను.

చిక్కు జర్మన్ లూట్ స్వరకర్త వైస్ దగ్గర వచ్చింది. ఆయన సంగీతమంటే నాకు ప్రాణం, కానీ నాకు దొరికినవన్నీ 13 కోర్సులకు రాసినవే. ట్యాబ్లేచర్‌లో 5, 6 అంకెలు (అంటే 12, 13వ కోర్సులు) కనిపించిన చోటల్లా ఆ స్వరాన్ని ఒక స్థాయి పైకి, ఆరో కోర్సు మీదికి మార్చి వాయించాను. చిన్న మినుయెట్‌లలో ఫరవాలేదు. నెమ్మదిగా సాగే సారబాండ్ నృత్య బాణీలో మాత్రం మెట్టు మెట్టుగా దిగుతున్న బాస్ చివర్లో ఒక్కసారి పైకి ఎగిరిపోతోంది, ఆ బరువంతా పోతోంది. మూడు నెలలు చూసి ఆపేశాను.

తర్వాత ఫ్రెంచ్ స్వరకర్తలు మూటన్, గాలో. వాళ్లు రాసిందే 11 కోర్సులకు కాబట్టి తీగల సమస్య లేదు. కానీ స్వరాల్ని విడదీసి పరిచే ఆ ఫ్రెంచ్ పద్ధతిలో అసలు రాగం ఏ తీగ మీద నడుస్తోందో రెండు నెలలైనా పట్టుబడలేదు. బొహీమియా స్వరకర్త లోజీవి రెండు చిన్న ముక్కలు మాత్రం చేతికి హాయిగా కుదిరాయి.

లోజీ, జర్మన్ స్వరకర్త రాయిస్నర్, తొలినాళ్ల వైస్ రచనల్లో 11వ కోర్సు దాటకుండా, రాగం స్పష్టంగా వినిపించే సూట్ ఒక్కటి చెప్పాలంటే మీరు దేన్ని చెబుతారు?