బొలెరో పికప్‌కి మడ్ టైర్లు వేయించాలా? డొంకలోనూ తిరగాలి, హైవే మీదా తిరగాలి

దుగ్గిరాల పికప్:
అన్నలూ, నాది బొలెరో పికప్, టూ వీల్ డ్రైవ్. వెనక టైర్లు రెండూ అయిపోయాయి, ముందువి ఇంకో మూడు నెలలు వస్తాయేమో. దుగ్గిరాల, తెనాలి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ధాన్యం, పసుపు, మొక్కజొన్న ఎక్కించుకుని విజయవాడ, గుంటూరు తిరుగుతాను. పదింట ఎనిమిది వంతులు తారు రోడ్డే, మిగతాది కాలువ కట్టలు, డొంకలు. కోతల్లో వాన పడిందంటే డొంకలో బండి కదలదు. పోయిన సీజన్‌లో రెండుసార్లు ట్రాక్టరుతో లాగించుకున్నాను. ఇప్పుడున్నవి 215/75 ఆర్15 సైజు. షాపులో పెద్ద పెద్ద బటన్లు, అంటే పైకి లేచిన రబ్బరు దిమ్మలు ఉన్న మడ్ టైర్లు 235/75 చూపించారు. వేయించమంటారా? నాలుగూ మార్చాలా, వెనక రెండు చాలా?

కట్టమీద బండి:
వద్దు తమ్ముడూ. నేను 22 ఏళ్ళుగా పికప్‌లే తోలుతున్నాను, ఒకసారి మడ్ టైర్లు వేయించి ఏడాదిలోపే తీసేశాను. మన నల్లమట్టి సంగతి వేరు. బటన్ల మధ్య సందుల్లో ఇరుక్కుని పట్టేస్తుంది, నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు నున్నగా గుండులా అవుతుంది. ఆ మట్టిని విదిలించుకోవాలంటే చక్రం వేగంగా తిరగాలి. టన్నున్నర లోడుతో చక్రాన్ని అలా తిప్పితే బండి ముందుకు పోదు, కిందికి దిగుతుంది. పైగా నీది టూ వీల్ డ్రైవ్, వెనక ఒక చక్రం జారితే, రెండు చక్రాలకూ ఇంజను బలం పంచే డిఫరెన్షియల్ బలమంతా దానికే ఇస్తుంది, రెండోది ఊరికే నిలబడుతుంది. దానికి టైరు ఏం చేస్తుంది? ఇక హైవే మీద అయితే హోరు, డీజిలు ఎక్కువ తాగడం, తొందరగా అరగడం. వానలో కాజ టోల్‌గేట్ దగ్గర బ్రేకు కొట్టి చూడు, అప్పుడు తెలుస్తుంది.

తెనాలి రైతు:
ఇలాంటి మాటలు చెప్పే డ్రైవర్ల వల్లే మేం మునుగుతున్నాం. మడ్ టైరు దండగ, ట్రాక్టరు దండగ, పొలంలోకి రావడమే దండగ. దుగ్గిరాల తమ్ముడూ, నువ్వు వేయించు. డొంకలోకి వచ్చే బండికి రైతు వంద ఎక్కువైనా ఇస్తాడు.

మీటరు లెక్క:
215/75 తీసి 235/75 వేస్తే చక్రం ఎత్తు 703 మిల్లీమీటర్ల నుంచి 733కి పెరుగుతుంది. అంటే నాలుగు శాతం పైన తేడా. మీటరు 60 చూపిస్తే నువ్వు పోయేది 62కి పైనే. కిలోమీటరు లెక్కన కిరాయి తీసుకుంటే 100 కిలోమీటర్లకు మీటరులో 96 పడుతుంది. నేను ఒక కాంట్రాక్టులో రెండేళ్ళు ఇలాగే నష్టపోయాను, ఎవరూ చెప్పలేదు. సైజు మార్చవద్దు.

ఆటోనగర్ టైర్లు:
నేను విజయవాడలో టైర్ల పనిలోనే ఉన్నాను, అమ్ముకోవడానికి చెప్పడం లేదు. అందరూ బటన్లు చూస్తున్నారు, టైరు పక్కన రాసి ఉన్న లోడు నంబరు ఎవరూ చూడటం లేదు. 100 అని ఉంటే ఒక టైరు 800 కిలోలు మోస్తుంది, 104 అయితే 900, 109 అయితే 1030. 75 కిలోల బస్తాలు 20 ఎక్కిస్తే టన్నున్నర, అందులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది, దానికి బండి బరువు కలుపుకోండి. జీపుల కోసం చేసిన మడ్ టైరు 100 నంబరుది తెచ్చి పికప్‌కి వేస్తే ఎండాకాలం హైవే మీద వేడెక్కి పేలుతుంది. ఎల్‌టీ (లైట్ ట్రక్, అంటే లోడు బండ్ల టైరు) అని రాసి ఉన్నదే తీసుకోండి, ఇప్పుడున్న టైరు నంబరు కంటే తగ్గకూడదు. పక్కన నాలుగంకెల తేదీ కూడా చూడండి, 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. వెనక రెండే మార్చేటట్టయితే పాత లారీ వాళ్ళ పద్ధతి ఉంది, ముందు నిలువు గీతల రిబ్ టైర్లు, వెనక అడ్డ దిమ్మల లగ్ టైర్లు. అది పనిచేస్తుంది. కానీ ఒకే ఇరుసు మీద రెండు రకాలు మాత్రం కలపవద్దు.

బంకమట్టి:
గాలి ఎంత పెడుతున్నావు? అది చెప్పకుండా టైరు గురించి మాట్లాడి లాభం లేదు.

దుగ్గిరాల పికప్:
లోడుతో వెనక 55.

బంకమట్టి:
ఖాళీగా డొంకలోకి వెళ్ళేటప్పుడు 25కి దించు, టైరు పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది.

కట్టమీద బండి:
వెళ్ళేటప్పుడు సరే, లోడు ఎక్కించాక 25తో వస్తే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. పొలంలో గాలి కొట్టే మిషను ఎవరి దగ్గర ఉంది? ఇంకో మాట, కొమ్మమూరు కాలువ కట్ట లాంటి చోట కింద నేల గట్టిగానే ఉంటుంది, పైన అంగుళం మందాన జారే మట్టి. అక్కడ దిగబడటం కాదు భయం, జారి కాలువలో పడటం. రబ్బరులో సన్నటి కోతలు ఎక్కువ ఉన్న ఏటీ టైరు (ఆల్ టెర్రైన్, తారు రోడ్డుకూ మట్టి దారికీ చేసినది) అక్కడ మడ్ టైరు కంటే బాగా పట్టుకుంటుంది. ఇది నేను కట్ట మీద చూసిన సంగతి.

తెనాలి రైతు:
నువ్వు చూసింది చెప్పావు, నేను చూసింది చెబుతాను. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 3వ తారీఖు పొద్దున నా ధాన్యం బస్తాలు కట్టి కల్లంలో పెట్టుకుని పికప్ కోసం చూస్తున్నాను. బండి వచ్చింది. డొంక మొదట్లో ఆగి, టైర్లు చాలవు, లోపలికి రాను అన్నాడు. ఇంకా చినుకులే. అర కిలోమీటరు. కాళ్ళావేళ్ళా పడ్డాను. వెనక్కి తిప్పుకుని పోయాడు. నలభై బస్తాలు నీళ్ళలో నాని మొలకలొచ్చాయి. 17 శాతం తేమ దాటితేనే కొనేటప్పుడు కోత పెడతారు, మొలకెత్తిన ధాన్యం ఎవరు ముట్టుకుంటారు? మడ్ టైరు వేస్టు అని నువ్వు అంటుంటే నాకు ఆ బండి తిరిగిపోవడమే కనిపిస్తుంది.

మీటరు లెక్క:
బాధగా ఉంది గానీ, సైజు సంగతి మర్చిపోతున్నారు.

కట్టమీద బండి:
నలభై బస్తాలు పోతే ఎంత నష్టమో నాకు తెలియదా, నేనూ కౌలుకు చేసినవాణ్ణే. అదే వారంలో ఇంకో ఊళ్ళో ఒక రైతు బతిమాలితే నేను లోపలికి వెళ్ళాను. దిగబడింది. రాత్రి ఎనిమిదిదాకా అక్కడే. ట్రాక్టరువాడు రెండు వేలు తీసుకున్నాడు, క్లచ్ ప్లేటు కాలిపోయింది, మూడు రోజులు బండి షెడ్డులో. ఆ రైతు నాకు ఇచ్చింది కిరాయి మాత్రమే, ట్రాక్టరు డబ్బులు నీవే అన్నాడు. తమ్ముడు మడ్ టైర్లు వేయించాడనుకో, రేపటి నుంచి ఆ అర కిలోమీటరు రిస్కు మొత్తం అతనిదే. టైర్లున్నాయి కదా రా అంటారు. రానంటే మాటలు పడాలి. నేను వద్దన్నది అందుకు.

తెనాలి రైతు:
అది మొదటే చెప్పొచ్చు కదా. బటన్లు, డిఫరెన్షియల్ అని ఇంతసేపు తిప్పావు.

కట్టమీద బండి:
అవీ నిజాలే.

లంక పసుపు:
మా డొంకకు కంకర తోలమని ఎన్నిసార్లు అడిగామో. అర కిలోమీటరు గ్రావెల్ పడితే ఈ మాటలే ఉండవు. లోడు బండ్లు తడిలో తిరిగితే పడే చక్రాల గాడులు ఎండాక గట్టిపడి, సైకిలు కూడా పోదు.

తెనాలి రైతు:
కంకర వచ్చేదాకా కోత ఆగదు. నాకు బండి లోపలికి రావాలని పంతమేం లేదు. రానంటే ఫోనులోనే చెప్పాలి. ముందురోజు చెప్పి ఉంటే మా ఊరి ట్రాక్టరు ట్రక్కులో రోడ్డుదాకా తెచ్చుకునేవాణ్ణి. డొంక మొదట్లో చెప్పాడు కాబట్టి మునిగాను.

దుగ్గిరాల పికప్:
అందరికీ ధన్యవాదాలు. నాలుగూ ఏటీ టైర్లే, అదే 215/75, ఎల్‌టీ, లోడు నంబరు తగ్గకుండా తీసుకుంటాను. మోకు, రెండు మందపాటి చెక్కలు బండిలోనే పెట్టుకుంటాను. ఇకనుంచి కిరాయి మాట్లాడేటప్పుడే చెబుతాను: డొంక ఎండి ఉంటే కల్లందాకా వస్తాను, తడిగా ఉంటే రోడ్డు మీద ఆగుతాను, అక్కడిదాకా ట్రాక్టరు ఖర్చు చెరిసగం.

కట్టమీద బండి:
సగం నువ్వెందుకు పెట్టుకోవాలి? వాన నువ్వు కురిపించావా? నేనైతే ఒప్పుకోను.

తెనాలి రైతు:
వాన నేను మాత్రం కురిపించానా? తమ్ముడు చెప్పింది నాకు సరే. నా కోత డిసెంబరు మొదటి వారం. నీ బండి ఖాళీ ఉంటే చెప్పు, ట్రాక్టరు నేను మాట్లాడి పెడతాను.

దుగ్గిరాల పికప్:
వస్తాను అన్నా. ముందురోజు సాయంత్రం బండి మీద వచ్చి డొంక చూసుకుని వెళ్తాను.