ఎడారి పార్కులో 25 కిలోమీటర్లు: వడ్డేపల్లి కట్ట మీది సాధన సరిపోతుందా?

వడ్డేపల్లి కట్ట:
హన్మకొండలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరై మూడేళ్ళయింది. రోజూ పొద్దున్నే చెరువు కట్ట మీద పరుగెత్తుతాను. అమెరికాలోని ఫీనిక్స్‌లో ఉండే మా అమ్మాయి, నన్ను అడగకుండానే, అక్కడి మెక్‌డోవెల్ మౌంటెన్ పార్కులో జరిగే పరుగుకు నా పేరు రాయించింది. పెంబర్టన్ అనే బాట, ఒక చుట్టు దాదాపు 25 కిలోమీటర్లు, నవంబరు మొదట్లో. రోడ్డు మీద 21 కిలోమీటర్లు రెండుసార్లు పూర్తిచేశాను గానీ రాళ్ళ మీద, ఇసుకలో ఎన్నడూ పరుగెత్తలేదు. మే నెలలో రోళ్ళు పగిలే మన ఎండ చూసినవాడికి అక్కడి నవంబరు ఎండ ఒక లెక్కా? నీళ్ళు ఎన్ని మోయాలి?

కాజీపేట జంక్షన్:
తమ్ముడూ, కట్ట మీద చదునుగా పరుగెత్తితే అక్కడ మడమ తిరగబడుతుంది. వారానికి ఒకరోజు చలివాగుకో, మేడారం వైపు వెళితే జంపన్న వాగుకో పోయి ఇసుకలో అరగంట పరుగెత్తు. అడుగులు చిన్నవిగా వేయాలి. వరద తగ్గాకే సుమా. నెలకోసారి పాండవుల గుట్టల దగ్గర రాళ్ళ బాట ఎక్కి దిగు. నేను రైల్వేలో ఉన్నప్పుడు పట్టాల పక్క కంకర మీద నడిచీ నడిచీ మడమలు ఇనుమయ్యాయి, నీకు ఆ భాగ్యం లేదు.

పద్మాక్షి గుట్ట:
మాస్టారూ, మాదీ హన్మకొండే. పదకొండేళ్ళుగా ఫీనిక్స్ పక్కనే ఉంటున్నాను, ఆ బాట నాకు అరచెయ్యంత తెలుసు.

ఎడారి అనగానే ఇసుక తిన్నెలు ఊహించుకోకండి. ఇది సోనోరన్ ఎడారి, నిండా చెట్లే. రెండు మనుషుల ఎత్తు దాటినా ఒక్క కొమ్మ కూడా వేయని సవారోలు, అంటే స్తంభాల్లా నిలబడే ముళ్ళ కాక్టస్‌లు, కనిపిస్తాయి. చాలావాటికి మొదటి కొమ్మ రావడానికే యాభై ఏళ్ళు దాటుతుంది. కాలికింద గట్టి నేల, దాని మీద చెదిరిన గ్రానైటు పలుకులు, దిగేటప్పుడు జారుతాయి. ఇసుక ఉండేది ఎండిపోయిన వాగుల్లోనే. వాటిని అక్కడ ‘వాష్’ అంటారు. అన్నగారు చెప్పిన వాగు సాధన అక్కడ అక్కరకొస్తుంది.

మీరు ఎండ లెక్క వేశారు, చెమట లెక్క వేయలేదు. వరంగల్‌లో చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటుంది కాబట్టి ఎంత చెమట పోయిందో తెలుస్తుంది. ఇక్కడి పొడి గాలిలో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. మొదటి ఏడాది నాకు చెమటే పట్టడం లేదని మురిసిపోయి నీళ్ళు తాగలేదు. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర కళ్ళు తిరిగి ఒక రాయి మీద కూలబడ్డాను. అప్పుడు టోపీ తీసి చూస్తే అంచంతా తెల్లగా ఉప్పు కట్టింది. లీటరున్నర నీళ్ళు మోయండి, దాహం వేసినప్పుడల్లా తాగండి. అలాగని వట్టి నీళ్ళు కడుపునిండా పట్టించినా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. ఓఆర్‌ఎస్ లీటరు పొట్లమైతే లీటరు నీళ్ళలోనే కలపాలి, సగం సీసాలో గుమ్మరించకూడదు. దారిలో ఉప్పద్దిన ఉడికిన ఆలుగడ్డలు పెడితే మొహమాటపడకండి.

అసలు సంగతి చోయా ముల్లు. మన నాగజెముడుకు చుట్టమే. ముట్టుకుంటే చాలు, కణుపు కణుపే ఊడి అంటుకుంటుంది. ఎగిరి మీద పడుతుందని ఇక్కడివాళ్ళు అంటారు, అది నిజం కాదు. ముల్లుకు వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి. నా పిక్కకు అంటుకున్నప్పుడు చేత్తో లాగాను, పిక్క మీదిది అరచేతికి వచ్చింది! వెనక వస్తున్న ఒక ముసలాయన నవ్వకుండా జేబులోంచి దువ్వెన తీసి, ముల్లుకూ చర్మానికీ మధ్య దూర్చి ఒక్క విసురు విసిరాడు. ఎడం పళ్ళ దువ్వెన తప్పక తెచ్చుకోండి.

కాజీపేట జంక్షన్:
పాముల సంగతి చెప్పలేదేమమ్మా?

పద్మాక్షి గుట్ట:
ఉంటాయి. తోక గిలక్కాయలా ఆడిస్తే ఆగి, వెనక్కి జరిగి, అది పోయేదాకా ఊరుకోవాలి. చాలాసార్లు ముందే చప్పుడు చేస్తుంది గానీ, ఎప్పుడూ చేస్తుందని నమ్మకండి. బాట మధ్యలోనే పరుగెత్తండి.

వడ్డేపల్లి కట్ట:
తల్లీ, చాలా సంతోషం. ఆదివారం చలివాగుకు పోయి వచ్చాను. ఇరవై నిమిషాలకే పిక్కలు పట్టేశాయి, మిగతాది నడిచాను. వచ్చేటప్పుడు చౌరస్తాలో ఎడం పళ్ళ దువ్వెన అడిగితే కొట్టు అబ్బాయి నా నున్నటి తల వైపు చూసి, ఎవరికి సార్ అన్నాడు. పిక్కలకు అని చెప్పాను.