ఆరుబయట ఈతకు వెళ్లే అయిదేళ్ల పాపకు సన్‌స్క్రీన్: రెండు మూడు సందేహాలు

కూకట్‌పల్లిలో నీడ లేని కొలను, ఏప్రిల్ ఎండ, క్లాసు పొద్దున 10 నుంచి 11. జింక్ ఆక్సైడ్‌ది, ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపు ఇస్తుందో చెప్పే అంకె) 30కి తగ్గనిది, 15 నిమిషాల ముందే రాస్తున్నాం. తువ్వాలుతో రుద్దితే చాలా మటుకు దానికే అంటుకుపోతుంది కాబట్టి అద్ది, మళ్లీ రాయాల్సిందే. ట్యూబ్ మీద 80 నిమిషాలంటే నీళ్లలో నిలిచే సమయం, ఎండలో ఉండొచ్చని కాదు!

చిక్కల్లా నుదురు. క్రీమ్ చెమటతో కలిసి కళ్లలోకి కారి మండుతోంది. అక్కడికి కడ్డీలా గట్టిగా ఉండే సన్‌స్క్రీన్ స్టిక్ మేలా? పొడుగు చేతుల ఈత చొక్కా వేస్తే ముఖం, చెవుల అంచులు, మెడ వెనక, అరచేతుల వెనక వైపు, కాళ్లు, పాదాల పైభాగమే మిగులుతాయి; చిన్న సైజులు సుల్తాన్ బజార్‌లో దొరుకుతాయా? తర్వాత జింక్ ఆక్సైడ్ తెల్లపూత వదలడానికి కొబ్బరినూనె చాలా? సున్నిపిండి కమిలిన చర్మాన్ని గీరుతుందేమోనని వాడట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.