పాత ఫోటోలు స్కాన్ చేయించాలి, ఎంత డీపీఐ పెట్టమనాలి?

బరంపురం బాబు:
వచ్చే నెల నాన్నగారి సంవత్సరీకం. గోడకు పెట్టడానికి 12×18 అంగుళాల ఫోటో కట్టించాలి. ఉన్నది 4×6 ప్రింటు ఒక్కటే, అదీ జిగురు పేజీల ఆల్బమ్‌లో అంటుకుపోయింది. ఊడదీయడం ఎలా? ఎంత డీపీఐలో (అంగుళానికి ఎన్ని చుక్కలు) స్కాన్ చేయించాలి? విశాఖలో ఉన్న అక్కకు వాట్సాప్‌లో పంపితే మసకబారుతోంది, దానికేం చేయాలి?

రాయగడ స్టూడియో:
300 పెట్టమనండి, చాలు. నెగటివ్‌లు కడిగిన రోజుల నుంచీ ఇదే పనిలో ఉన్నాను. 600, 1200 అనేవాళ్లంతా యూట్యూబ్ చూసి మాట్లాడేవాళ్లే.

పర్లాకిమిడి మేస్టారు:
4×6ను 300లో స్కాన్ చేస్తే 1200×1800 పిక్సెళ్లు. దాన్ని 12×18కి పెంచితే అంగుళానికి 100 మిగులుతాయి. దగ్గరికెళ్తే కళ్లు, మీసం అలికినట్టు ఉంటాయి. 600లో చేస్తే అంగుళానికి 200. గోడ మీది ఫోటోకు అది బాగుంటుంది. ఇంత పెద్ద సైజుకు 300 చాలనడం తప్పు.

రాయగడ స్టూడియో:
మేస్టారూ, లెక్కలు బళ్లో చెప్పండి. ఆ కాలం ల్యాబ్ ప్రింట్లలో 300కి మించి వివరమే ఉండదు. లేనిదాన్ని స్కానర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది?

పర్లాకిమిడి మేస్టారు:
బళ్లో చెప్పే లెక్కే మీ కొట్లోనూ పనిచేస్తుంది. 1200 దండగని నేనూ అంటాను. ఫైలు 100 ఎంబీ దాకా వస్తుంది, పెరిగేది కాగితం గరుకు, దుమ్మే. కానీ మంచి ప్రింటు అయితే 300కీ 600కీ తేడా తెలుస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాక మాట్లాడండి.

గోపాల్‌పూర్ తీరం:
2013 ఫైలిన్ తుపానులో మా ఇల్లంతా తడిసి, అమ్మానాన్నల పెళ్లి ఫోటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. కొట్టతను లాగబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. లాగితే ముఖం మీది పొర అద్దానికే ఉండిపోతుంది! అద్దంతో సహా స్కాన్ చేయించాం. పల్చటి సీఐఎస్ స్కానర్లో (గాజుకు ఆనుకున్నదే తేటగా చూసే రకం) మసకగా వచ్చింది, సీసీడీ (కాస్త ఎడంగా ఉన్నదీ చూడగల సెన్సర్) ఉన్న ఫ్లాట్‌బెడ్‌లో చీర అంచు కూడా తేటగా వచ్చింది.

సిరొంచ పిల్ల:
ఫోటోను 50 కేబీ లోపుకి తగ్గించడం ఎలాగో ఎవరైనా చెప్పండి ప్లీజ్. ఉద్యోగం ఫారం ఫోటో తీసుకోవట్లేదు, రేపే లాస్ట్ డేట్, ఒకటే టెన్షన్. సెంటర్‌లో పేజీ మొత్తం స్కాన్ చేసి ఇచ్చారు. తగ్గిస్తే ముఖమంతా గళ్లు గళ్లుగా వస్తోంది.

పర్లాకిమిడి మేస్టారు:
అమ్మా, ముందు ఫోటో వరకే క్రాప్ చెయ్యి. తర్వాత పిక్సెళ్లు తగ్గించు. 3.5×4.5 సెంటీమీటర్లకు 413×531 పెట్టు. క్వాలిటీ ఆఖర్న, 50 లోపుకి వచ్చేదాకా కొద్దికొద్దిగా తగ్గించు. పెద్ద బొమ్మను అలాగే ఉంచి క్వాలిటీ నొక్కేస్తేనే గళ్లు వస్తాయి.

కొరాపుట్ కోడలు:
డీపీఐ గొడవ సరే, ఏఐతో బాగుచేస్తామనే వాళ్లతో జాగ్రత్త. మా అమ్మమ్మ ముఖం నిండా మశూచి మచ్చలు, ముక్కుకు నత్తు. బాగుచేసి ఇచ్చిన ఫోటోలో మచ్చల్లేవు, నత్తు సగం చెరిగిపోయింది, కళ్లు ఎవరివో. అమ్మ చూసి "ఈవిడెవరు?" అంది. ఆవిడను మేం ఆ మచ్చలతోనే ఎరుగుదుం. చెరపడానికి వాళ్లెవరు?

రాయగడ స్టూడియో:
కస్టమర్లే నునుపు చెయ్యమంటారమ్మా, మమ్మల్ని తిట్టి లాభం లేదు. బాబూ, నెగటివ్ ఉందా? 35 ఎంఎం నెగటివ్‌ను 2400లో స్కాన్ చేస్తే సుమారు 2270×3400 పిక్సెళ్లు వస్తాయి. ప్రింటులో పోయిన వివరం కూడా దాన్లో ఉంటుంది.

పర్లాకిమిడి మేస్టారు:
ఇది మంచి మాట. మొదటే చెప్పాల్సింది.

బరంపురం బాబు:
నెగటివ్‌ల కవరు అమ్మను అడుగుతాను. ఊడదీయడం గురించి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

గోపాల్‌పూర్ తీరం:
అంచు కొంచెం లేస్తే పళ్ల ఫ్లాస్ దారం కిందికి దూర్చి రంపంలా నెమ్మదిగా లాగండి. ఫోటో మాత్రం వంచొద్దు. కదలకపోతే పైన ప్లాస్టిక్ ఒక్కటి తీసి, పేజీతోనే స్కానర్ మీద పెట్టించండి. అక్కకు వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది.